ఒక గోడ, ఎనభై పట్టాలు

(తిరుపతిలో రైతులు, వ్యవసాయ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగ్ విని రాసి పెట్టినది.)

అయ్యలకు, అమ్మలకు, వెనక నిలబడే ఉన్న పిల్లలందరికీ నమస్కారం. ఆ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. గంట సేపు పడుతుంది.

ఏడుకొండలవాడి పాదాల దగ్గర కూర్చుని ఎర్ర వైన్ మాటలేమిటని కొందరు అనుకుంటూ ఉండొచ్చు. తాగడం గురించి ఈ పూట మాట్లాడను. నేల గురించి మాట్లాడతాను. నేల ఎవరి పేరున ఉంది, ఎన్ని ముక్కలయింది, సొంతదారే చేసుకుంటున్నాడా, గుత్తకిచ్చాడా, కోరుకిచ్చాడా? ఈ సంగతులు పంట రుచిలోకి ఎట్లా దిగుతాయి? మామిడి తోట ఉన్నవాళ్లకి, అన్నదమ్ముల భాగాలు పడుతున్నవాళ్లకి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. అయితే మన దగ్గర దీన్ని పట్టి చూడటం కష్టం. తోతాపురి కోశాం, లారీ ఎక్కింది, ఫ్యాక్టరీలో పది ఊళ్ల కాయతో కలిసి పల్ప్ అయింది. ఎవరి చేని రుచి ఏదో ఎవరికి తెలుస్తుంది? ఫ్రాన్స్‌లో బర్గండీ అనే సీమలో మాత్రం తెలుస్తుంది. చేనికొక పేరు, ఆ పేరుతో సీసా, సీసా మీద చేసినవాడి పేరు. చేతులు మారిన కాగితాలు వందల ఏళ్లవి ఉన్నాయి. అందుకే ఆ వైన్‌ని పాఠంగా తీసుకున్నాను.

ముందు నేల చూద్దాం. బర్గండీలో పేరున్న ఎర్ర వైన్ దాదాపు అంతా కోత్ దోర్ అనే సన్నటి కొండవాలు మీద పండుతుంది. దిజోన్ పట్నం దగ్గర మొదలై దక్షిణంగా యాభై, అరవై కిలోమీటర్లు పోతుంది. వెడల్పు ఎంత? చాలా చోట్ల కిలోమీటరు కూడా ఉండదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు అనుకోండి. దానికంటే కొంచెం తక్కువ పొడవు, రోడ్డుకి ఒక పక్కనే తోటలు. అంతే. లోకమంతా పేరు చెప్పుకునేది ఆ ఒక్క పట్టీ గురించే.

వాలు తూర్పు ముఖంగా ఉంటుంది. చలి దేశం కదా, పొద్దుటి ఎండ పడగానే తీగ పనిలోకి దిగుతుంది. అడుగున సున్నపురాయి, సుమారు 17 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్నది. తిరుమల ఘాట్ రోడ్డులో రాతి పొరల మధ్య గీత చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్, మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ. అక్కడ అంత పెద్ద తేడా లేదు గానీ, సున్నపురాయి పొరా, సున్నం కలిసిన బంకమట్టి పొరా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాలు ఆ పొరల్ని అడ్డంగా కోసుకుంటూ దిగుతుంది. అందుకని వంద అడుగులు కిందికి నడిస్తే కాళ్ల కింద వేరే నేల.

వాలు మీద మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఎగువ, నడిమి, దిగువ. ఎగువన మట్టి పలచన, రాయి వెంటనే తగులుతుంది, నీళ్లు నిలవవు, గాలి చల్లన. దిగువన వందల ఏళ్లుగా వానకి కొట్టుకొచ్చిన మట్టి లోతుగా పేరుకుని ఉంటుంది, బంక ఎక్కువ, నీళ్లు నిలుస్తాయి. నడిమి వాలులో మట్టీ ఉంది, రాయీ ఉంది. వాన నీరు దిగిపోతుంది, వేరు మాత్రం రాతి పగుళ్లలోంచి చెమ్మ అందుకుంటుంది. మంచి చేలన్నీ ఆ నడిమి వాలు మీదే.

దిగువ నేలలో తప్పేముంది, సారవంతమే కదా అంటారా? వరికి, కూరగాయలకి అది మంచి నేలే. ద్రాక్షకి, అందులోనూ ఈ ఎర్ర వైన్ చేసే పీనో న్వార్ అనే రకానికి, పనికిరాదు. పీనో న్వార్ పండు చిన్నది, తోలు పలచన, గుత్తి దగ్గరదగ్గరగా ఉంటుంది. ఎర్ర వైన్‌కి రంగు వచ్చేది తోలు నుంచే, వగరు తోలూ గింజల నుంచి, రసం నుంచి కాదు. నీళ్లు ఎక్కువ తాగిన తీగకి పండు ఉబ్బుతుంది, రసం పెరుగుతుంది, తోలు పెరగదు. రంగు పలచబడుతుంది. పైగా గుత్తిలో పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని పగులుతాయి, కోతల వేళ వాన పడితే బూజు పడుతుంది. పక్వానికి రావడం కూడా వారం వెనకపడుతుంది. చూశారా, నేల చేసే పని ఇది. గాల్లోంచి వచ్చే మహిమ ఏమీ లేదు. నీరు ఎంత, ఎప్పుడు, ఎంత సేపు నిలిచింది, అంతా ఆ లెక్కే.

ఇట్లా పేరు పెట్టి హద్దు గీసిన చేనిని వాళ్లు క్లీమా అంటారు. 1,247 క్లీమాలున్నాయి. 2015లో యునెస్కో ఈ చేల పటాన్నే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఈ చేలకి నాలుగు మెట్ల అంతస్తు ఉంది. అడుగున సీమ పేరు, దాని మీద ఊరి పేరు, దాని మీద మొదటి తరగతి చేలు, అన్నిటికంటే పైన గ్రాన్ క్రూ. గ్రాన్ క్రూలు 33 మాత్రమే. మొత్తం ఉత్పత్తిలో నూటికి ఒకటి, ఒకటిన్నర పాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ తరగతి చేనికి. యజమానికి కాదు. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా, చెడగొట్టినా, బాగుచేసినా, చేని తరగతి చేనితోనే ఉంటుంది. అదే ఫ్రాన్స్‌లో పడమటి దిక్కున బోర్డో అనే మరో సీమ ఉంది. అక్కడ 1855లో పారిస్ ప్రదర్శన కోసం దళారులు ధరల్ని బట్టి తరగతులు వేశారు. అవి ఎస్టేట్లకి వేశారు, నేలకి కాదు. అందువల్ల ఒక ఎస్టేటు పక్క చేనుని కొనుక్కుని, ఆ ఊరి హద్దుల్లోనే ఉంటే, అదే పేరు కింద కలుపుకోవచ్చు. లాఫీత్ లాంటి ఎస్టేటు వంద హెక్టార్లు దాటి ఉంటుంది, అంటే 250 ఎకరాల పైన. ఒకచోట తరగతి నేల మీద రాసి ఉంది, ఇంకోచోట గడప మీద రాసి ఉంది. ఒకే దేశం, ఒకే చట్టం. అయినా వైన్ రెండు రకాలుగా తయారయింది. ఎందుకో చెప్తాను.

గోడ లోపల

వూజో అనే ఊళ్లో ఒక చేను ఉంది. క్లో ద వూజో. క్లో అంటే గోడ కట్టిన చేను. సుమారు 50 హెక్టార్లు, మన లెక్కలో 125 ఎకరాలు. 1098లో స్థాపించిన సితో మఠం సన్యాసులు దానాలు తీసుకుంటూ, ముక్క ముక్క కొంటూ, మార్చుకుంటూ ఒక్క కమతం చేశారు. 1336 నాటికి చుట్టూ గోడ కట్టారు. ఆ గోడ ఈ రోజుకీ ఉంది. గోడ లోపల ఎగువన ఉన్న నేల పలచన, సున్నపురాళ్లతో నీళ్లు బాగా దిగే నేల. దిగువన రోడ్డు పక్క నేల లోతైన బంక, వానాకాలంలో నీళ్లు నిలిచే నేల. ఎత్తులో తేడా పదిహేను మీటర్లు ఉంటుందేమో, అంతే. పండులో తేడా మాత్రం చాలా ఉంటుంది.

సన్యాసులు ఏం చేశారు? అన్నీ వాళ్లవే కదా. ఎగువ పండు, నడిమి పండు, దిగువ పండు వేరువేరుగా పులియబెట్టి చూసుకోవచ్చు, కలుపుకోవచ్చు, బాగా రానిది పక్కన పెట్టుకోవచ్చు. ఎగువ వైన్ రోములో ఉండే పోప్ గారికి, నడిమిది బిషప్పులకి, దిగువది మఠానికి అని ఒక మాట చెప్పుకుంటారు. నిజమో కాదో వదిలేయండి. ఆ మాట పుట్టిందంటేనే తేడా అందరికీ తెలుసని అర్థం.

1789లో విప్లవం వచ్చింది. ఆ నవంబరులోనే చర్చి భూములన్నీ జాతి పరం అని ప్రకటించారు, తర్వాత వేలం వేశారు. ఎస్టేట్ల రద్దు, ఈనాం భూముల రద్దు మన దగ్గర 1948లో, 1956లో జరిగాయి కదా, పెద్దవాళ్లకి గుర్తుంటుంది. అక్కడ అది నూటయాభై ఏళ్ల ముందే జరిగింది. ఇంకో తేడా, రైతుకి పట్టా ఇవ్వలేదు, ఎక్కువ పాడినవాడికి అమ్మారు. క్లో ద వూజో అప్పటికీ ఒక్క కమతంగానే అమ్ముడయింది. 1889 దాకా దాదాపు ఒక్క చేతిలోనే నడిచింది. ఆ ఏడు దాన్ని వర్తకులకి ముక్కలుగా అమ్మారు. అప్పటి నుంచి తుంచుకుంటూ పోయారు.

ఎందుకు తుంచారు? 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్. తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమానం. ఆడపిల్ల, మగపిల్ల తేడా లేదు, పెద్దవాడు చిన్నవాడు తేడా లేదు. న్యాయమైన చట్టం, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంగ్లండులో పెద్ద కొడుక్కే అంతా పోతున్న కాలంలో అది పెద్ద అడుగు. అయితే నేలకి న్యాయం అన్యాయం తెలియదు కదా. మూడు తరాలు గడిచేసరికి సాళ్లు లెక్కపెట్టుకుని పంచుకునే స్థితి వచ్చింది. ఇప్పుడు ఆ గోడ లోపల సుమారు 80 మంది సొంతదారులు. సగటున మనిషికి ఎకరన్నర. కొందరిది కొన్ని సాళ్లు మాత్రమే.

1855లో లావాల్ అనే ఆయన ఈ సీమ చేలకి తరగతులు కట్టినప్పుడు క్లో ద వూజో మొత్తాన్నీ పై వరసలో పెట్టాడు. ఆనాడు అది ఒక్కరిది. ఎగువా దిగువా కలిపి ఒక వైన్ చేసేవాళ్లు, ఆ వైన్‌కి ఆ తరగతి న్యాయమే. 1937లో ప్రభుత్వం చట్టబద్ధంగా హద్దులు రాసేటప్పుడు గోడ లోపలిదంతా గ్రాన్ క్రూ అని రాసింది. అప్పటికి చేను ముక్కలయిపోయింది. తరగతి మాత్రం ముక్కలు కాలేదు. రోడ్డు పక్క బంకనేల ముక్క ఒక్కటే ఉన్నవాడి సీసా మీద కూడా గ్రాన్ క్రూ అనే ఉంటుంది. కొనేవాడికి పేరు ఒకటే కనిపిస్తుంది. గోడ ఒకటే, లోపల ఎనభై పట్టాలు. ఆ వైన్ గురించి మంచీ చెడ్డా రెండు మాటలూ వినిపించడానికి మూలం ఇదే.

అరెకరం వైన్ లెక్క

చిన్న ముక్క అయితే ఏమవుతుంది? లెక్క వేసి చూద్దాం, పెన్నులు ఉన్నవాళ్లు రాసుకోండి. అక్కడ పాత కొలత ఊవ్రే. ఒక మనిషి గుద్దలితో ఒక రోజులో తవ్వగలిగినంత చేను. 428 చదరపు మీటర్లు, మన పదిన్నర సెంట్లు. ఒకాయనకి గ్రాన్ క్రూలో 5 ఊవ్రేలు ఉన్నాయనుకుందాం. అంటే 53 సెంట్లు, అరెకరం పైచిలుకు. మొక్కలు మీటరుకొకటి, సాలుకీ సాలుకీ మీటరు. మామిడి ఎకరానికి నలభై పెడతాం, అక్కడ నాలుగు వేలు. కాబట్టి ఈయన చేలో రెండు వేల నూట చిల్లర తీగలు.

దిగుబడికి చట్టం గరిష్ఠం పెట్టింది. క్లో ద వూజోలో హెక్టారుకి మామూలుగా 35 హెక్టోలీటర్లు, అంటే 3,500 లీటర్లు. ఈయన 53 సెంట్లకి సుమారు 750 లీటర్లు. పళ్లు ఒక టన్ను. వాళ్ల పీపా పేరు పియెస్, 228 లీటర్లు పడుతుంది. మూడు పీపాలు నిండుతాయి, 684 లీటర్లు. మిగిలింది 66 లీటర్లు. ఇప్పుడు చెప్పండి, ఈ 66 లీటర్లు ఏం చేయాలి?

అమ్ముకోవాలి అనుకుంటాం. అమ్మకూడదు. ఎందుకంటే పీపా కొయ్యది. కొయ్యలోంచి వైన్ కొంచెం కొంచెం ఆవిరవుతుంది, ఏడాదికి పీపాకి పది లీటర్ల దాకా పోవచ్చు. లోపల ఖాళీ ఏర్పడితే గాలి చేరుతుంది, గాలి తగిలితే పుల్లబడటం మొదలు. అందుకని ప్రతి వారమో పది రోజులకో పీపా నోటి దాకా నింపుతూ ఉండాలి. దేనితో నింపుతారు? అదే చేని వైన్‌తో. పెద్ద ఎస్టేటుకి ఇది సమస్యే కాదు, యాభై పీపాలుంటే రెండు పీపాలు నింపుడుకి పెట్టుకుంటారు. మూడు పీపాలవాడికి ఆ 66 లీటర్లే దిక్కు. ఏడాదిన్నర పీపాలో ఉంచితే మూడింటికీ కలిపి 45 లీటర్లు దీనికే ఖర్చు. ఆ 66 లీటర్లని గాజు బుడ్లలో నోటి దాకా నింపి, బుడ్డి తెరిచిన ప్రతిసారీ మిగిలింది ఇంకా చిన్న బుడ్డిలోకి మార్చాలి. సగం ఖాళీ బుడ్డిలో వదిలేస్తే ఆ పుల్లన మూడు పీపాలకీ అంటుతుంది. పంట మంచిదే, నేల మంచిదే, పడేసింది మాత్రం ఒక సగం బుడ్డి.

పులియబెట్టడం చూద్దాం. పెద్ద తొట్టిలో వేడి ఎక్కువవుతుంది, 35 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చి పులవడం మధ్యలో ఆగిపోతుంది. దానికి చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. టన్ను పళ్లకి తిరగబడ్డ సమస్య. అంత కొంచెం సరుకు వేడిని నిలుపుకోలేదు, చలిరాత్రి చల్లారిపోతుంది, పులవడం సాగదు, తోలులోంచి రంగు దిగదు. తోలంతా పైకి తేలి దిమ్మలా కడుతుంది, దాన్ని రోజుకి ఒకటి రెండు సార్లు లోపలికి తొక్కాలి. ఒక రోజు మరిచిపోతే ఎండిన దిమ్మ మీద వెనిగర్ పురుగు కూర్చుంటుంది. రెండు మూడు వారాల పాటు ఇదే పని. మూడు పీపాల కోసం ఒక మనిషి మూడు వారాలు!

అందుకే చాలామంది చిన్న సొంతదారులు పళ్లు గానీ, కొత్త వైన్ గానీ వర్తకుడికి అమ్మేస్తారు. అట్లా కొనే వర్తకుణ్ని నెగోసియాన్ అంటారు. ఈ వర్తకుల మీద చెడ్డ మాటలు చాలా ఉన్నాయి, వెనకటి రోజుల్లో ఫ్రాన్స్ దక్షిణ సీమల వైన్ కలిపి అమ్మినవాళ్లు ఉన్నారు, అదీ నిజమే. 1930ల ప్రాంతంలో ఆర్మాన్ రూసో, ఆన్రీ గూజ్, మార్కీ దాంజర్‌విల్ లాంటి రైతులు ఎదురు తిరిగి సొంతంగా సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. అది గొప్ప పని. అయినా వర్తకుడికి ఇవ్వాల్సిన న్యాయం ఒకటి ఉంది. గోడ లోపల ఎగువ ముక్కవాడి దగ్గరా, దిగువ ముక్కవాడి దగ్గరా కొని కలిపేవాడు, సన్యాసులు చేసిన పనే మళ్లీ చేస్తున్నాడు. విడిపోయిన చేను ఆయన తొట్టిలో ఒకటవుతుంది. బాగా చేసే వర్తకుడి వైన్, ఒంటి ముక్క ఉన్న సోమరి సొంతదారు వైన్ కంటే మెరుగ్గా ఉండటానికి కారణం అదే. బోర్డోలో 250 ఎకరాల ఎస్టేటు చేసేదీ అదే, బాగా రాని తొట్లన్నీ రెండో పేరు కింద అమ్మి, మంచివే మొదటి పేరుకి ఉంచుతుంది. ఎంపిక అనేది కమతం పెద్దదైతేనే చేతికొస్తుంది.

చిన్న ముక్కలతో మేలు లేదా? ఉంది. 2016లో, 2021లో ఏప్రిల్ మంచు బర్గండీని బాగా దెబ్బకొట్టింది. 2012 నుంచి వరుసగా మూడేళ్లు బోన్ పట్నం చుట్టూ వడగళ్లు. మంచు పల్లంలో దిగుతుంది, వడగండ్ల వాన ఒక వీధి దాటి ఇంకో వీధిలో పడదు. పది ఊళ్లలో పదిహేను ముక్కలున్న రైతుకి ఏదో ఒకటి మిగులుతుంది. ఒకే కమతం ఉన్నవాడికి పోతే అంతా పోయినట్టే. పైగా ఒక్కో ముక్కని దగ్గరగా ఎరిగి ఉంటాడు, ఏ తీగ ఏ రోజు కోయాలో తెలిసినవాడు. ఆ సీమలో గొప్ప వైన్లు చాలా చిన్న రైతులవే, అది మరిచిపోకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే సంగతి. పిల్లలూ, ఇది చూడండి. ముక్క సన్నగా ఎగువ నుంచి దిగువకి చీల్చారనుకోండి, అయిదు మీటర్ల వెడల్పు. సాళ్లు ఎట్లా వేస్తారు? ముక్క పొడవునే వేయాలి, వాలు వెంబడే. ఇంకో దారి లేదు, అడ్డంగా వేస్తే సాలుకి అయిదు తీగలే, ట్రాక్టరు తిరగదు. వాలు వెంబడి సాలు అంటే వాన నీటికి కాలవ తవ్వి ఇచ్చినట్టే. మట్టి కొట్టుకుపోతుంది. ఆ కొట్టుకుపోయిన మట్టిని చలికాలంలో బుట్టలతో మళ్లీ ఎగువకి మోసేవాళ్లు. అక్కడికి దగ్గరలోనే క్లో ద తార్ అని ఏడున్నర హెక్టార్ల చేను ఉంది. 1141 నుంచి ఇప్పటి దాకా నాలుగే నాలుగు చేతుల్లో ఉంది. సన్యాసినులు, 1791 నుంచి ఒక కుటుంబం, 1932 నుంచి ఇంకో కుటుంబం, 2017 నుంచి పినో కుటుంబం. ఎప్పుడూ ముక్క కాలేదు. అక్కడ సాళ్లు వాలుకి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మట్టి నిలుస్తుంది. లోపల నేల తేడాల్ని బట్టి విడివిడిగా పులియబెట్టి చివర్లో కలుపుతారు. అంటే చేలో సాలు ఏ దిక్కున ఉండాలో కూడా భాగపరిష్కార దస్తావేజు నిర్ణయిస్తోంది! నేల స్వభావం అని మనం అనుకునేదాంట్లో ఎంత భాగం నేలది, ఎంత భాగం రిజిస్ట్రారు ఆఫీసుది?

పక్కవాడి మందు సంగతి కూడా అంతే. సాళ్ల మధ్య మీటరే. ఒకాయన సేంద్రియంగా చేస్తుంటే పక్కాయన మందు కొట్టినప్పుడు హద్దు సాళ్ల మీద పడుతుంది. ఆ సాళ్ల పండుని వేరుగా కోసి వేరుగా అమ్ముకోవాలి. అయిదు సాళ్ల చేలో రెండు పక్కలా హద్దు సాళ్లు తీసేస్తే మిగిలేదెంత?

గుత్త, కోరు

సొంతదారు వేరు, చేసేవాడు వేరు అయినప్పుడు ఏమవుతుంది? అక్కడా మన రెండు పద్ధతులే. ఫెర్మాజ్ అంటే గుత్త. మెతయాజ్ అంటే కోరు. గుత్తని వాళ్లు డబ్బుల్లో రాయరు, హెక్టారుకి ఇన్ని పీపాల వైన్ అని రాసి, ఆ ఏటి ధర కట్టి ఇస్తారు. ధర పడిపోతే గుత్త కూడా తగ్గుతుంది. కోరులో సొంతదారుకి సగమో మూడో వంతో పంట. ఒకే తీగ, ఒకే మనిషి చేసిన వైన్, సొంతదారు పేరుతో ఒక సీసా, చేసినవాడి పేరుతో ఇంకో సీసా బజారులో కనిపిస్తాయి. ధరలు వేరుగా కూడా ఉంటాయి.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే, 1945–46లో కౌలుదారు చట్టం తెచ్చారు. కనీసం 9 ఏళ్లు. గడువు తీరితే కొనసాగించుకునే హక్కు కౌలుదారుది. సొంతదారు అమ్మదలిస్తే మొదట అడగాల్సింది కౌలుదారునే. మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఒప్పందం 11 నెలలు. వేరుశనక్కాయకి 11 నెలలు చాలు. మామిడి చెట్టుకి? ద్రాక్షతీగ నాటితే మూడేళ్ల దాకా పేరున్న వైన్‌కి పండు రాదు, మంచి పండు ఇచ్చేది పాతికేళ్లు దాటాకే. చెట్టు వయసు ఎంతో, ఒప్పందం వయసూ అంతకి దగ్గరగా ఉండాలి. లేకపోతే చేసేవాడు చెట్టులో ఎందుకు పెట్టుబడి పెడతాడు? తోట రెండేళ్ల గుత్తకి తీసుకున్నాయన కల్తార్ అనే పూత మందు పోసి ఈ ఏడు కాపు తీసుకుపోతాడు. కొమ్మలు కురచబడిపోయిన చెట్టు సొంతదారుకి మిగులుతుంది. మనిషిది తప్పు అనుకుంటే సరిపోదు, రెండేళ్ల గుత్త అదే చెప్తుంది ఆయనకి.

అక్కడ 9 ఏళ్లలోనూ పేచీ ఉంది. చచ్చిన తీగల స్థానంలో కొత్తవి ఎవరు నాటాలి, ఖర్చు ఎవరిది? సొంతదారు మొక్కలకి డబ్బు ఇవ్వడు, చేసేవాడు గడువు చివర్లో ఉన్నాడు. అట్లా పదిలో ఒక తీగ ఖాళీ అయిన చేలు తయారవుతాయి. చట్టం గరిష్ఠ దిగుబడి హెక్టారు లెక్కన ఇస్తుంది కాబట్టి, ఉన్న తీగల నుంచే ఆ దిగుబడి లాగాలని చూస్తారు. ప్రతి తీగకీ బరువు పెరుగుతుంది, రసం పలచబడుతుంది. కాగితం మీద 35 హెక్టోలీటర్లే, తీగ మీద 39.

దానం చేసిన భూమి సంగతి వేరు. బోన్ పట్నంలో 1443లో నికొలా రోలాఁ అనే మంత్రి, ఆయన భార్య గిగోన్ పేదలకి ఆసుపత్రి కట్టారు. తర్వాత శతాబ్దాల పాటు జనం ఆ ఆసుపత్రికి ద్రాక్ష చేలు రాసిచ్చారు. ఈ రోజు సుమారు 60 హెక్టార్లు. 1859 నుంచి ఏటా నవంబరు మూడో ఆదివారం ఆ వైన్ పీపాలు వేలం వేస్తారు. పీపాల మీద దాతల పేర్లు ఉంటాయి. మనకి ఇది వింతగా ఉండదు. సామవాయి అనే పల్లవ రాణి 966లో స్వామికి ఇచ్చిన భూముల వివరం తిరుమల శాసనంలో ఉంది కదా. మాన్యం అంటే ఏమిటో ఈ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. ఆసుపత్రికి పిల్లల మధ్య భాగాలు పడవు, అందుకని ఆ చేలు నిలిచాయి.

కుటుంబాలకి ఆ వెసులుబాటు లేదు. గ్రాన్ క్రూ నేల హెక్టారు సగటున 60 లక్షల యూరోలు దాటింది. మన డబ్బుల్లో ఎకరం ఇరవై కోట్ల పైమాటే. తండ్రి పోతే పిల్లలు కట్టాల్సిన వారసత్వ పన్ను పై అంచున 45 శాతం. వైన్ అమ్మి ఆ పన్ను కట్టలేరు. 1970 చట్టంతో ఒక దారి దొరికింది, వ్యవసాయ భూమి సంఘం. చేనిని పంచరు, చేనిలో వాటాలు పంచుతారు. నలుగురు పిల్లలకి నలుగురికీ వాటాలు, సాగు మాత్రం ఒక్కరే దీర్ఘకాలపు గుత్తకి చేస్తారు, మిగతావాళ్లకి గుత్త పంచుతారు. చేను చేనుగానే ఉంటుంది. ఇట్లా చేసుకున్నవాళ్లు నిలబడ్డారు. చేయనివాళ్లలో కొందరు పెద్ద కంపెనీలకి అమ్ముకోవాల్సి వచ్చింది.

వెనక నుంచి ఒకాయన అడుగుతున్నారు, మా అయిదెకరాల తోట ముగ్గురం పంచుకోవాలి, దిగువ బావి ఉంది, ఎగువ గుట్ట, ఎట్లా చీల్చాలి అని. మంచి ప్రశ్న అన్నా. పంచుకునే ముందు మూడు గుంతలు తవ్వించండి. ఎగువ ఒకటి, నడిమిన ఒకటి, దిగువ ఒకటి, ఒకే వరసలో. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. ఎంత లోతున రాయి తగిలిందో, వేర్లు ఎక్కడ ఆగాయో రాసుకోండి. గుంత గోడ మట్టిలో బూడిద రంగు, తుప్పు రంగు మచ్చలుంటే అక్కడ నీళ్లు నిలుస్తున్నట్టు. అడుగున ఇంకో అడుగు గుంత చేసి నీళ్లు పోయండి, ఇంకిపోయాక మళ్లీ పోయండి. రెండోసారి పోసిన నీళ్లు తెల్లారేదాకా ఉన్నాయంటే ఆ చోటు చెట్టుకి ఇబ్బంది. కాయ పక్వానికి వచ్చాక ఒక్కో చోట నుంచి పది కాయలు కోసి, ఒకే గదిలో గడ్డి మీద మాగేసి, తీపి కొలిచే బ్రిక్స్ మీటరుతో చూడండి. పల్ప్ ఫ్యాక్టరీలో వాడే మీటరే. మూడు కాపులు రాస్తే మీ తోటలో ఎగువ ఏదో దిగువ ఏదో అంకెల్లో తెలుస్తుంది.

తర్వాత చీల్చడం. అడ్డంగా చీలిస్తే ఒకరికి గుట్ట, ఒకరికి బావి, అన్యాయం. నిలువుగా చీలిస్తే ముగ్గురికీ మూడు నేలలూ వస్తాయి, అయితే మట్టి కొట్టుకుపోయే భయం ఉంది, ఇందాక చెప్పాను. నిలువుగానే చీల్చండి, కానీ ఒక్కో భాగం నలభై మీటర్ల వెడల్పుకి తగ్గకూడదు. మామిడికి పది మీటర్ల చొప్పున నాలుగు వరసలు పట్టాలి, ట్రాక్టరు తిరగాలి. అంత వెడల్పు రాకపోతే పంచకుండా వాటాలు రాసుకోండి. వాలుకి అడ్డంగా ఉన్న గెనిమలు, అంటే గట్లు, ముగ్గురి భాగాల్లోంచీ తెగకుండా పోవాలి. ఎవరి భాగంలో వాళ్లు గెనిమ కొట్టేయకూడదని, బావి వంతులు ఏ రోజు ఎవరివో, ఎగువవాళ్ల వాన నీరు దిగువకి పోయే దారి ఏదో దస్తావేజులోనే రాయించండి. సర్వేయరు గీసే స్కెచ్ మీద హద్దు రాళ్లతో పాటు ఆ గెనిమల్ని కూడా గీయించి, ముగ్గురూ సంతకాలు పెట్టండి.